బావ నడిపిన ఆకుపచ్చ కారు

జహీరాబాద్‌లో మొట్టమొదటి కంప్యూటర్ నాది. పెద్ద దవాఖాన డాక్టరు "ఇక ఇంతే" అని చేతులెత్తేసిన మా బావ కుడిచేతికి, ఆ కంప్యూటర్‌లోని కారు ఆటతో ప్రాణం పోసింది నేను. నడుమ ఆ ఆట కుంటుతుంటే, ఏ ఇంజనీరునూ అడగకుండా దాని రోగం పట్టి కుదిర్చిందీ నేనే.

ఈ మూడు మాటలూ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. పెళ్లి విందుల్లో చెప్పాను, బీదర్ బస్సులో పక్క సీటు వాళ్లకు చెప్పాను, పళ్ల డాక్టరు నా నోట్లో అద్దం పెట్టినప్పుడు కూడా సగం దాకా చెప్పాను. కానీ నోటితో చెప్పడం వేరు, కాగితం మీద పెట్టడం వేరు. నోటి మాట గాలికి పోతుంది. కాగితం మా అక్క చేతికి పోతుంది. అందుకని ముందే కొంత దిగి వస్తాను.

మొట్టమొదటి కంప్యూటర్ నాది కాదు. ఊరి బయట ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో అప్పటికే ఒకటి ఉండేదట. ఆ గేటు దాటి నన్నెవరూ లోపలికి రానివ్వలేదు కాబట్టి, నేను చూసినంతలో మొదటిది నాదే. ఇక డాక్టరు "ఇక ఇంతే" అన్నమాట నిజం. "వేళ్లు కదిలిస్తూ ఉండు, లేకుంటే ఇక ఇంతే" అన్నాడు. ముందు సగాన్ని నేను దారిలో జారవిడిచాను. మిగతావి కథలో వస్తాయి.

ఎనభైల చివరి మాట ఇది. అక్కా బావల ఇల్లు బొంబాయి రోడ్డుకు ఒక సందు లోపల ఉండేది. ఆ ఇంటి ముందు గదిలో నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడిని. తెల్లవారేసరికి గదినిండా టకటకలు మొదలయ్యేవి. బావ లారీ డ్రైవరు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు కనుక ఆ చప్పుడు ఆయనకు బాధ కాదు. అక్కకు బాధేమో. నేను అడగలేదు.

టైపు నేర్చుకునేవాళ్లు తగ్గుతున్నారన్న బెంగతో, హైదరాబాద్‌లో ఒక ఆఫీసువాళ్లు వాడి వాడి మూలకు నెట్టేసిన కంప్యూటర్‌ను తెచ్చుకున్నాను. తెర మీద అన్నీ ఆకుపచ్చగా కనబడేవి. స్విచ్చి వేస్తే కాసేపు గురకపెట్టి, దగ్గి, అప్పుడు లేచేది. ముసలి ప్రాణం. అమ్మినాయన దాన్ని అప్పజెబుతూ, పెట్టె ముందు వైపు ఒక నల్ల బటన్‌నూ దాని పక్కన గింజంత లైటునూ చూపించి, "దీన్ని మాత్రం ముట్టకండి, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. పెద్ద మిషన్ కొన్నవాడు చిన్న ప్రశ్న అడిగితే పరువు పోతుందనుకునే వయసు.

ఆ పెట్టెకు నేను చేసిన మర్యాదలు కొత్త అల్లుడికి కూడా చేయరు. కిటికీకి పరదా కట్టాను. దానికంటూ ఒక టేబుల్ ఫ్యాను పెట్టాను. గది గడప బయటే చెప్పులు విప్పించాను. దాన్ని చూడ్డానికి జనం సందు చివరి దాకా బారులు తీరారని చెబుతుంటాను. నిజానికి వచ్చినవాళ్లలో సగం మంది అక్కను మంచినీళ్లు అడగడానికి వచ్చినవాళ్లే.

ఆ ఏడు ఎండాకాలంలో, లోడు దించుతుంటే లారీ వెనుక తలుపు ఊడి బావ కుడి మణికట్టు మీద పడింది. ఎముక అతుక్కుంది. పట్టీ విప్పేసరికి చేయి సన్నబడి, వేళ్లు వంగడం మరిచిపోయాయి. డాక్టరు ఒక రబ్బరు బంతి చేతిలో పెట్టి, రోజంతా పిసకమన్నాడు. బావ ఒక పూట పిసికి దాన్ని సందులోకి విసిరేశాడు.

"బొంబాయి దాక లారీ తోలినోన్ని. పోరగాండ్ల లెక్క బంతి ఆడాల్నా?"

"ఆడకుంటె చెయ్యి గట్లనే బిగుసుకుంటదట" అంది అక్క.

"బిగుసుకోనియ్."

కానీ బిగుసుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. లారీ సేటు మంచివాడే. ఇంటికొచ్చి, చాయ్ తాగి, సూటిగా చెప్పి వెళ్లాడు: "దీపావళి ఎల్లినంక చెరుకు, అల్లం లోడ్లు మొదలైతయ్. షెడ్డు కాడికి ఒచ్చి బండి తిప్పి సూపియ్యి. తిప్పితె బండి నీదే. లేకుంటె ఇంకో డ్రైవర్ని వెట్టుకోక తప్పది. ఏమనుకోకు." బావ ఏమీ అనుకోలేదు. సేటు వెళ్లాక చాలాసేపు తన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో వస్తువును చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. ఆ లారీ మీద ఆయన పెళ్లి కాకముందు నుంచీ ఉన్నాడు.

ఇంట్లో పొద్దుపోక ఒకరోజు నా గదిలోకి వచ్చాడు. నేను అప్పుడు ఒక ఆట పెట్టుకుని ఉన్నాను. పైనుంచి చూసినట్టు ఒక రోడ్డు. దాని మీద ఒక చిన్న ఆకుపచ్చ కారు. ఎదురుగా బండ్లు వస్తుంటాయి. ఒక మీట నొక్కితే ఎడమకు, ఇంకోటి నొక్కితే కుడికి. అంతే ఆట. నేను ఎప్పుడాడినా మూడో బండికి గుద్దేవాడిని.

బావ నా వెనుక నిలబడి చూశాడు. "గిదేం రోడ్డుర బామ్మర్ది? ఒక్క ధాబా గూడ లేదు."

"కూసో బావా, తోలు."

"హారన్ ఏది?"

"హారన్ లేదు."

"హారన్ లేకుండ ఎవడన్న బండి తోల్తడా?" అంటూనే కూర్చున్నాడు. కుడిచేతి రెండు వేళ్లను ఎడమచేత్తో ఎత్తి మీటల మీద పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం అక్కడే. ఎదురు బండ్లను పేరుపేరునా తిట్టేవాడు. లైన్ మారేముందు అలవాటుకొద్దీ భుజం మీది నుంచి వెనక్కి చూసేవాడు. వెనుక నేను తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు.

"బంతి ఆడనన్నోడు కారాట ఆడుతుండు" అని అక్క గడప దగ్గర నిలబడి నవ్వేది.

"ఆట గాదే. డ్యూటీ" అనేవాడు.

కొన్ని వారాలకు ఆ రెండు వేళ్లూ ఎత్తి పెట్టకుండానే లేచాయి. నేను డాక్టరునైపోయాను. సందులో ఎవరికి చేయి నొచ్చినా పిలిచి ఆట ఆడమనేవాడిని.

అప్పుడు దసరా వచ్చింది. దసరా నాడు మా వైపు పని చేసే ప్రతి వస్తువుకూ పూజ ఉంటుంది. తరాజుకూ, కుట్టు మిషన్‌కూ, నాగలికీ, లారీకీ. మా ఇంట్లో ఆ పని అక్కది. నా టైపు మిషన్లన్నింటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, చివరికి కంప్యూటర్ ముందు ఆగింది.

"గీనికి నొసలు యాడుందిర తమ్మీ?"

"పెట్టె ముందర యాడనన్న వెట్టు అక్కా. మంచిగ కనవడాలె."

ఆమె తడి గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, బొటనవేలితో గట్టిగా ఒత్తింది. మెల్లగా పెడితే బొట్టు నిలవదని ఆమె నమ్మకం. కొబ్బరికాయ మాత్రం గది బయట కొట్టించాను, నీళ్లు మిషన్‌లోకి చిందుతాయని. చూశారా, నా జాగ్రత్త అటువంటిది. బొట్టు పెట్టిన చోటు కూడా చూశాను. చూసి, బాగుందన్నాను.

పండుగ మర్నాడు బావ కూర్చుంటే కారు పాకుతోంది. రోడ్డు పాకుతోంది. ఎదురు బండ్లు శవయాత్రలా వస్తున్నాయి. మీట నొక్కితే కారు కాసేపు ఆలోచించి, సరేలే అన్నట్టు పక్కకు జరుగుతోంది. బావ రెండుసార్లు నొక్కి, చేయి తీసేసి నా వైపు తిరిగాడు.

"నువ్వేనా బామ్మర్ది గిది జేసింది?"

"ఏం జేసిన బావా?"

"నా చెయ్యి లేస్తలేదని మిషన్నే మెల్లగ జేసినవ్. ఎవలు జెప్పిన్రు? మీ అక్కనా? డాక్టరా?"

"అమ్మతోడు బావా, నాకేం ఎరుకలేదు!"

"బొంబాయి రోడ్డు మీద ఎదురొచ్చెటి బండి నా చేతిని జూసి మెల్లగ ఒస్తదా?" అని లేచాడు. గడప దాటి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ గదిలోకి రాలేదు.

నేను జాలిపడి ఆయనకు ఎడ్లబండి ఇచ్చానని ఆయన నమ్మకం. దీపావళి తరుముకొస్తోంది. మిషన్‌కు నిజంగా రోగం వచ్చిందని చూపిస్తే తప్ప ఆయన మళ్లీ ఆ మీటల మీద చేయి పెట్టడు. చేయి పెట్టకపోతే డాక్టరు మాటలో రెండో సగం నిజమవుతుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు రాదు. కానీ నేను చేసిన వైద్యం తలుచుకుంటే వస్తుంది.

ముందు అనుమానం వోల్టేజీ మీద పడింది. చేలల్లో మోటర్లు పెట్టగానే మా లైట్లు ఎర్రబడేవి, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా తిరిగేది. ఫ్యాను మెల్లగా తిరిగితే కంప్యూటరూ మెల్లగానే తిరుగుతుంది కదా! పక్కింటి టీవీ స్టెబిలైజరును బతిమాలి తెచ్చి తగిలించాను. వాళ్ల టీవీ ఆ సాయంత్రం ఆరిపోయి, నాకు నాలుగు మాటలు పడ్డాయి. నా ఫ్యాను గుర్రంలా తిరిగింది. కారు మాత్రం ఎద్దులాగే నడిచింది.

తర్వాత టైపు మిషన్ వైద్యం మొదలుపెట్టాను. టైపు మిషన్ బరువెక్కితే మేం చేసేది ఒకటే, విప్పడం, బ్రష్షుతో దుమ్ము దులపడం, తిరిగేచోట నూనె చుక్క వేయడం. పెట్టె విప్పాను. గుప్పెళ్లకొద్దీ దుమ్ము వచ్చింది. నూనె వేయడానికి తిరిగేది ఏదైనా ఉందా అని వెతికితే లోపల ఒక చిన్న ఫ్యాను దొరికింది. వేశాను. స్విచ్చి వేయగానే అది ఆ నూనెను గదంతా చల్లింది. మళ్లీ బిగించాక రెండు మరలు మిగిలాయి. అవసరం లేనివై ఉంటాయనుకున్నాను.

పెట్టె బయట కూడా మెత్తటి గుడ్డతో మూలమూలా తుడిచాను. నొసటి బొట్టు మాత్రం ముట్టలేదు. పూజ బొట్టును మేం తుడవం. తనంతట తాను రాలాలి, లేదా మళ్లీ పండుగకు ఇంటి ఆడవాళ్లు తడిగుడ్డతో తీసి కొత్తది పెట్టాలి. దాని చుట్టూ గుడ్డ తిప్పి, ప్రదక్షిణం చేసినట్టు చేసి వదిలేశాను.

ఆ పైన, గ్రామఫోను రికార్డు అరిగినట్టు బావ ఆడి ఆడి ఆట డిస్కు అరిగిపోయిందేమోనన్న బుద్ధి పుట్టింది. దాన్ని శుభ్రమైన దస్తీలో చుట్టి బీరువాలో విశ్రాంతికి పెట్టాను. లేచాక కూడా దానికి ఓపిక రాలేదు.

ఇంజనీరును అడగలేదన్నానే, అది కూడా పూర్తి నిజం కాదు. పోస్టాఫీసు నుంచి హైదరాబాద్‌కు ట్రంకాల్ పెట్టి, మిషన్ అమ్మినాయనను పట్టుకున్నాను.

"ముందర లైటు వెలుగుతోందా?" అని అడిగాడు.

"వెలుగుతుంది సార్."

"అయితే మిషన్ బాగానే ఉంది. పాతది గదా, దాని శక్తి అంతే."

పెట్టె ముందు లైట్లు రెండని, నేను చెప్పింది కరెంటు లైటు గురించేనని అప్పుడు తట్టలేదు. ఇంటికి వస్తుంటే దారి పొడుగునా ఆ "శక్తి అంతే" అన్నమాటే చెవిలో తిరిగింది. బావతో చెప్పలేదు.

ఆ రోజుల్లో నా మధ్యాహ్నం తిండి అక్క దగ్గరే. మా వైపు జొన్న రొట్టె లేనిదే పూట గడవదు, అక్క రొట్టె అంటే చంద్రుడిలా గుండ్రంగా, పల్చగా ఉండేది. అటువంటిది ఆమె రొట్టెలు కూడా చెడిపోయాయి. ఒక పక్క మందం, ఒక పక్క చిల్లులు, అంచులు చీలికలు.

"గిదేందక్కా, రొట్టెనా, న్యాల్‌కల్ మండలం పటమా?"

"తింటె తిను. లేకుంటె లెవ్వు."

వంటింటి తలుపు ఎప్పుడూ మూసి ఉండేది. లోపల రొట్టె కొట్టే చప్పుడు అంతకుముందు టపటపా ఒక వరుసలో వచ్చేది. ఇప్పుడు టప్ అని ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. మొగుడి బెంగతో మనిషి చితికిపోయిందనుకున్నాను. తలుపు వెనుక ఏడుస్తోందేమోననుకున్నాను. "బావేడి?" అంటే, "పన్నడు, లేపకు" అనేది. ఇక రొట్టెల మీద జోకులు మానేసి, పటాలను మౌనంగా తిన్నాను.

దీపావళి ముందు రోజు, ఆఖరుసారి చూద్దామని ఆట పెట్టుకుని కూర్చున్నాను. అక్క బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని వచ్చింది.

"జర పక్కకు జరుగు. పండుగ ముంగట పాత బొట్టు ఉండొద్దు."

"తుడుపక్కా. ఇంక గీనికి ఏం జేసినా ఒకటే."

బొట్టు ఎండి గట్టిబడింది. ఆమె గుడ్డ పెట్టి గట్టిగా రుద్దింది. టిక్ మంది. కుంకుమ కింద నుంచి నల్ల బటన్ బయటపడింది. దాని పక్కన గింజంత లైటు కళ్లు తెరిచింది. తెర మీద నా కారు తోకకు నిప్పంటుకున్నట్టు దూకి, ఎదురు బండికి ఢీకొంది.

నేను అరిచాను.

"ఏందిర, కరెంటు గొట్టిందా?" అని అక్క గుడ్డ వదిలేసింది.

నేను ఆ ముట్టకూడని బటన్ నొక్కాను. కారు పాకింది. మళ్లీ నొక్కాను. పరుగెత్తింది. మిషన్‌ను వేగంగా నడపడానికీ మెల్లగా నడపడానికీ ఉన్న బటనట అది. ఇన్నాళ్లూ లోపలంతా విప్పి, నూనె పోసి, రోగం ఉన్న చోటు ఒక్కదాన్నే భక్తితో వదిలేశాను.

నా కేకకు బావ వంటింట్లోంచి వచ్చాడు. ఆయన చేతులకు మణికట్టు దాకా ఏదో తెల్లగా ఉంది. డాక్టరిచ్చిన పౌడరనుకున్నాను.

"సూడు బావా! నేనేం జెయ్యలే. నా మీద ఉత్తగనే అనుమానపడితివి. గా బొట్టు జేసింది గిదంతా!"

ఆయన వంగి, బటన్‌ను తానే నొక్కాడు. మెల్లగ. మళ్లీ నొక్కాడు. జోరుగ. ఎన్నిసార్లు నొక్కాడో. తర్వాత అక్క వైపు చూశాడు.

"నువ్వా?"

"నేనే. పూజ జేస్తి. తప్పా?"

ఎండాకాలం తర్వాత బావ నవ్వడం అప్పుడే విన్నాను. చేతులు లుంగీకి తుడుచుకుని కుర్చీ లాక్కున్నాడు. ఈసారి రెండు వేళ్లను ఎత్తి పెట్టుకోలేదు. అరచేయి మొత్తం మీటల మీద వాలింది, వేళ్లు వాటంతట అవే వంగాయి. ఎదురొచ్చిన ప్రతి బండినీ తప్పించుకుంటూ పోయాడు. ఇన్ని రోజులు ఆట లేకపోయినా చేయి ఇంతలా ఎలా తిరిగిందని నాకు ఒక్క క్షణం ఆశ్చర్యమేసింది. మందు మింగాక లోపల పనిచేసినట్టు, ముందాడిన ఆటే మెల్లగా పని చేసి ఉంటుందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

దీపావళి వెళ్లాక షెడ్డు దగ్గరికి నేనూ వెంట వెళ్లాను. బావ లారీ ఎక్కి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టి, ఎడమకు ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు తిప్పాడు. వెనక్కి తెచ్చి గోడకు జానెడు దూరంలో ఆపాడు. మళ్లీ ముందుకు తీయబోతుంటే సేటు చెయ్యెత్తాడు.

"చాల్తీ. డీజిల్ కాలుతుంది."

అంతే, బండి బావదైంది. ఆ సాయంత్రమే ముగ్గురు నలుగురిని ఆపి, మా బావ చేతిని కంప్యూటర్‌తో నేనే కుదిర్చానని చెప్పాను. రోగం పట్టింది అక్క తడిగుడ్డ అన్న సంగతి అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రాశాను కదా, లెక్క సరిపోయింది. బొట్టు అక్కది, గుడ్డ అక్కది, వైద్యం మాత్రం నాదే.

ఇక్కడి దాకా రాసి, మొన్న తీసుకెళ్లి అక్కకు చదివి వినిపించాను. బావ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడాయనకు చెవులు సరిగా వినబడవు, లేదా వినబడనట్టు ఉంటాడు. అక్క మొత్తం విన్నది. బావ వైపు ఒకసారి చూసింది. ఆయన గోడవైపు తిరిగి మీసం గోక్కున్నాడు.

"ఎవలకు జెప్పొద్దని మీ బావ ఒట్టు వెట్టిచ్చుకుండు గని, ఇంక జెప్త" అంది అక్క. "నీ ఆటతోని రెండు వేళ్లు లేచినయ్. లారీ స్టీరింగ్ రెండు వేళ్లతోని తిరుగుతదార? నీ మిషన్ కరాబున్నన్ని దినాలు, తలుపేస్కొని గాయ్‌నతోని ఉడుకు నీళ్ల జొన్న పిండి పిసికిపిచ్చిన, రొట్టెలు కొట్టిపిచ్చిన. నువ్వు వంకలు వెట్టుకుంట తిన్నయి గవే. మిషన్ కరాబుగాకుంటె చెయ్యి బాగుపడకనే పోతుండె. గది రాయి."